అవ్వ ముట్టని అంబలి

"ఆ పళ్లెం లోపట పెడ్తవా, నా నెత్తి మీద బోర్లిస్తవా?"

రేవణసిద్ధప్ప అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరగడం మానేసింది.

అతని కొడుకు మహిధర్ నాయనమ్మ గది గుమ్మంలో రొట్టె పళ్లెంతో నిలబడి ఉన్నాడు. ఏడింటికి కాల్చిన జొన్నరొట్టె తొమ్మిదయ్యేసరికి బెంగుళూరు పెంకులా బిర్రబిగిసింది. దాన్ని లోపల పెట్టినా ఒకటే, బయట పెట్టినా ఒకటే.

"పెట్టిన బాపూ. తీస్కపో అన్నది."

"అంటది! ఎందుకనదు? అనేటట్టు చేసిన మొనగానివి నువ్వే కద!"

"మళ్ల షురూ చేసినవా?"

"నేను చేసిన్నా షురూ? సోమవారం పొద్దుగాల షురూ చేసిందెవడు?"

సోమవారం పొద్దున జరిగింది ఇంతే. ట్రాక్టర్ల కంపెనీకి డ్యూటీకి పోయే మనవడికి విభూతి పెట్టి, అలవాటు చొప్పున అతని ఛాతీ మీద చెయ్యి ఆనించింది శివమ్మ. చేతికి చొక్కా గుండీ తగిలింది. లింగకాయ తగల్లేదు.

"ఏడరా?" అంది.

"మిషిన్ల కాడ మెడల ఏముండొద్దని తీసి పెట్టిన నాయినమ్మా. లాకర్లు మార్చినప్పుడు ఎటో పోయింది."

అక్కడికి ఆగినా అయిపోయేది. ఆగలేదు ఆ పిల్లగాడు. "పోయి మూడు నెల్లాయె. మళ్ల కట్టుకోను. నాకు దాని మీద మనసు లేదు," అనేశాడు.

అంతే. శివమ్మ చెంబెడు నీళ్లు తాగి మంచమెక్కింది.

లింగాయతుల ఇంట పుట్టి, లింగాయతుల ఇంట మెట్టిన డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆమె. చిన్ననాడు గురువు ఎడమ అరచేతిలో పెట్టిన లింగం, లింగకాయ అనే వెండి భరిణెలో మెడకు ఉండాలి. చచ్చిపోయాక గుంతలో కూర్చోబెట్టిననాడు మళ్లీ అదే అరచేతిలోకి రావాలి. నడుమ ఎక్కడైనా పోతే, దొరికేదాకా అన్నం ముట్టకూడదు. ఆమె తండ్రి ఒకప్పుడు బీదర్ అంగట్లో లింగం పోగొట్టుకొని నాలుగు రోజులు ఉత్త నీళ్ల మీద ఉన్నాడట. ఐదో రోజు జొన్నల బస్తా సందున దొరికిందట. ఆ కథ ఇంట్లో అందరికీ నోటికొచ్చు. కానీ మనవడు పోగొట్టుకుంటే, అతని బదులు శివమ్మ దాన్ని కళ్ల ముందు చేసి చూపిస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇవాళ బుధవారం. మూడో రోజు.

ఆర్‌ఎంపీ నర్సింగ్ వచ్చి ముసలమ్మ వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీద పెట్టి, మీటరు వంక చూసి పెదవి విరిచాడు.

"అరవై ఆరు. నిన్న పొద్దుగాల తొంభై ఉండె. షుగరు గోలీలు బంద్ చేసినా దిగుతనే ఉన్నది. యాభైకొచ్చిందంటే నన్ను పిలువకున్రి, సీదా పెద్ద దవాఖానకు కొంచవోన్రి."

"ఒక్క గ్లూకోజు సీస ఎక్కియ్యరాదు నర్సింగూ," అన్నాడు రేవణసిద్ధప్ప.

"నేను ఎక్కిస్త. ఆమె ఎక్కనిస్తదా? అడుగు నువ్వే."

అడగాల్సిన పని లేకపోయింది. మంచం మీద నుంచి గొంతు వచ్చింది. సన్నగానే వచ్చింది, కానీ ఎక్కడా వంగలేదు.

"సీసల ఏముంటదిరా నర్సింగూ?"

"ఏముంటది అవ్వా, చక్కెర నీళ్లు."

"చక్కెర నీళ్లు నోట్లకెళ్లి పోతెనేంది, నరంలకెళ్లి పోతెనేంది? ముసల్దానికి తెల్వదనుకున్నవా? నీ సూది నీ సంచిల ఏస్కో."

నర్సింగ్‌కు నవ్వొచ్చింది. నవ్వే సందర్భం కాదని గుర్తొచ్చి దగ్గాడు. మీటరు, పట్టీలు దీక్షిత చేతిలో పెట్టి, ఎట్లా చూడాలో చెప్పాడు. దీక్షిత మహిధర్ చెల్లెలు, డిగ్రీ చదువుతోంది. పోతూ నర్సింగ్ గేటు దగ్గర రేవణసిద్ధప్ప భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు.

"పొద్దుగూకే లోపట ఏదన్నొకటి చెయ్యి రేవణప్పా. గీ వయసుల షుగరు మనిషి... నేను చెప్పాల్నా నీకు?"

చెప్పాల్సిన పని లేదు. అందుకే అంత కోపం. ఎవరి మీద చూపించాలో తెలిసిన కోపమైతే మనిషి అరిచి చల్లబడతాడు. ఇది అట్లాంటిది కాదు. లోపల ఎక్కడో ఇంకో మూల నుంచి ఎగదోస్తోంది. ఆ మూల వైపు అతను చూడదలుచుకోలేదు.

"ఇన్నవా? పొద్దుగూకే దాక గడువిచ్చిండు." హాల్లోకి వచ్చి కొడుకు ముందు నిలబడ్డాడు. "రేగుపండంత రాయి మెడల ఏస్కుంటే నీ మెడ ఇరుగుతదారా?"

"ఇరుగది."

"మరి?"

"ఏస్కొని ఏం చెప్పాలె బాపూ? దొరికింది అని చెప్పాలె. ఇగ దినాం పూజ చేస్తున్నా అని చెప్పాలె. రేపు చెప్పాలె, ఎల్లుండి చెప్పాలె. నాకు రాదు."

"ఏం రాదురా నీకు? లేటెందుకైందిరా అని మీ సూపర్‌వైజర్ అడిగితే, బస్సు పంచరైంది సార్ అంటలేవా?"

"ఆయన నా కోసం అన్నం మాన్లేదు."

రేవణసిద్ధప్ప గొంతు పెంచాడు.

"అంటే ఆమె సస్తే సావనీ అంటవు! నీ నిజం నీకు మిగిలితే సాలు!"

"నేను గట్లన్నన్నా? రేపటిసంది ఏ గుడికి రమ్మంటే ఆ గుడికొస్త. ఏ పండుగకు నీళ్లు మొయ్యమంటే మోస్త. ఆమె ముంగట మోకాళ్ల మీద కూసుంట. ఒక్క అబద్ధం మటుకు చెప్పియ్యకు నాతోని."

వంటింటి గుమ్మంలో కూర్చున్న దీక్షిత తల ఎత్తింది.

"నాకొక డౌటు. నాకు లింగం కట్టనే లేదు కద? ఇరవై ఏండ్ల సంది ఇదే ఇంట్ల తింటున్న. నా మీద ఎవ్వరు ఉపాసముండలేదేంది?"

"నువ్వు నడిమిట్ల రాకు!" అన్నాడు తండ్రి. "ఆడివిల్లవు. పెండ్లయినంక అత్తగారింట్ల కడ్తరు."

"అంటే దేవుడు సుత అత్తగారింట్లనేనా? మంచిగున్నది."

"నోర్ముయ్యే!" అంది లోపలి నుంచి తల్లి నీలమ్మ. ఆ మాటలో కోపం కంటే ఏడుపే ఎక్కువ ఉంది.

"అంత ఆ కంపెనీ చెయ్యవట్టి. మెడలది తియ్యమని రూలు పెట్టిన్రు, వీడు దేవున్నే తీసి అవుతల పారేసిండు," అన్నాడు రేవణసిద్ధప్ప.

"కంపెనీనెందుకంటవు?" మహిధర్ మొదటిసారి గొంతు పెంచాడు. "రూలు తియ్యమన్నది. మర్శిపొమ్మని రూలు లేదు. మర్శిపోయింది నేను. మూడు నెల్లు బాపూ! తానం చేసిన్నాడు గుర్తు రాలె, బువ్వ తిన్నప్పుడు గుర్తు రాలె. పోయిందని తెల్సిన్నాడు, ఎన్నడో పోయిన పెన్ను లెక్క అనిపిచ్చింది. గది సూసి నాకే భయమైంది. గుర్తు సుత రానిదాన్ని ఇన్నేండ్లు మెడకేస్కొని ఎవల కోసం తిరిగిన్నా అని—"

చెంప ఛెళ్లుమంది.

పదో తరగతి తర్వాత కొడుకు మీద చెయ్యెత్తడం ఇదే. ఎందుకు ఎత్తాడో రేవణసిద్ధప్పకు ఆ క్షణంలో తెలియలేదు. పిల్లగాడు తిట్టలేదు, ఎదురు తిరగలేదు. ఉన్నమాట అన్నాడు. ఆ మాటే సూటిగా వచ్చి ఇతని రొమ్ముకు తగిలింది.

మహిధర్ చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. నాయనమ్మ గదిలోకి పోయి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

నీలమ్మ వచ్చి మొగుని భుజం మీది తువ్వాలు పట్టి వెనక గదిలోకి గుంజింది. తలుపు దగ్గరికి వేసింది.

"ఇంకెవ్వర్ని కొడ్తవు? ఆ పిల్లను సుత కొడ్తవా, నన్ను కొడ్తవా?"

"నీలా, నన్ను సతాయించకు."

"అల్మారి తాళం ఇయ్యి."

"ఎందుకు?"

"నీది ఉన్నది కద. బొంతల కింద. వానిది దొరికిందని చెప్పి, నీది కడ్త."

అతను పెళ్లాం ముఖంలోకి చూశాడు. పదిహేడేళ్లలో ఆమె ఆ మాట ఎత్తడం ఇదే మొదటిసారి.

పదిహేడేళ్ల కిందట అతని లింగకాయ మూత విరిగింది. లోపలిది తీసి, ఉత్త లింగకాయ ఇమ్మన్నాడు వెండికి అతుకు పెట్టే అవుసులాయన. లింగాన్ని తెల్లగుడ్డలో చుట్టి అల్మారీలో బొంతల కింద పెట్టాడు. సాయంత్రానికి లింగకాయ మెరుస్తూ తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే బసవ జయంతి కమిటీలోకి అతన్ని తీసుకున్నారు, ఫొటో ఉంది, రమ్మని కబురొచ్చింది. ఉత్తదే మెడలో వేసుకొని పోయాడు. రేపు పెట్టుకుందాం అనుకున్నాడు. తెల్లారి పొలానికి అల్లం లారీ వచ్చింది. ఆ తెల్లారి మోటరు కాలింది. ఆ రేపు పదిహేడేళ్లు నడిచింది.

దేవుడు లేడని అతను ఎన్నడూ అనలేదు. ఉన్నాడనీ అనుకోలేదు. ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. రోజూ తానం చేసి పూజగది తలుపు వేసుకొని పది నిమిషాలు కూర్చుంటాడు. ఫోన్‌లో వాన వస్తదా రాదా చూసుకుంటాడు. నుదుటి నిండా విభూతి పూసుకొని బయటికొస్తాడు. ఇప్పుడు ఆ కమిటీకి అతనే అధ్యక్షుడు.

"వాడు గుర్తు పడ్తడు," అన్నాడు గొంతు తగ్గించి.

"వాడెన్నడన్న చూసిండా నీది? ఒకరిది ఒకరు తీసి చూస్తరా?"

"అవ్వ?"

"అత్తమ్మ కండ్లకు మోతిబిందు, కనవడదు. చేతికి తగిల్తే సాలు. అడిగినవు కద జంగమయ్యను, కొత్తది కట్టాలంటే ఏమన్నడు?"

లింగం కట్టే గురువు జంగమయ్య ఫోన్‌లో చెప్పాడు. ఎల్లుండి శుక్రవారం బసవ జయంతి, ఆయన బసవకళ్యాణంలో ఉన్నాడు. ఆదివారం వస్తాడు. పైగా, కట్టించుకునేవాడు నోరు తెరిచి 'నాకు కావాలె' అనాలి, లేకుంటే కట్టడు.

ఆదివారం దాకా ఆమె ఉండాలి కదా.

తాళంచెవి మొలతాడుకు ఉంది. విప్పి ఇచ్చాడు.

తెల్లగుడ్డ పసుపుపచ్చగా మారింది. అందులోని నల్లటి లింగం మాత్రం ఎట్లా పెట్టింది అట్లాగే ఉంది. నీలమ్మ కళ్లకద్దుకొని, కొత్త గుడ్డలో కట్టి, దారం కట్టి, కొడుకును పిలిచింది.

"వెండిది పోయింది, లోపలిది దొరికింది అంటం. నువ్వు మాట్లాడకు. నేనే చెప్త. నువ్వు మెడ వంచు, గంతే."

మహిధర్ ముడి విప్పి చూశాడు. ఎడమ చెంప మీద నాలుగు వేళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఇది ఎవ్వరిదమ్మా?"

"దేవునిది."

"దేవునిదే. ఎవ్వరి మెడలకెళ్లి తీసినవు?"

నీలమ్మ కళ్లు ఒక్క రెప్పపాటు మొగుని రొమ్ము వైపు పోయాయి. ఆ రెప్పపాటు చాలు. మహిధర్ చూపు కూడా అక్కడికే వచ్చింది. బనీను మీద వెండి లింగకాయ ట్యూబులైటు వెలుగులో తళతళ మెరుస్తోంది.

"మూత తియ్యి బాపూ."

"ఏం మాట్లాడుతున్నవురా?"

"తియ్యి. ఒక్కసారి."

రేవణసిద్ధప్ప చెయ్యి దానంతటదే పైకి లేచి లింగకాయను మూసింది. దొంగసొత్తు మీద చెయ్యేసినట్టు ఉందని అతనికే అనిపించింది. ఆ చెయ్యి దించాలంటే దించలేకపోయాడు.

మహిధర్ చేతిలోని గుడ్డను మళ్లీ ముడేశాడు.

"ఎన్నేండ్లు?" అన్నాడు మహిధర్. తండ్రిని కాదు, తల్లిని అడిగాడు.

"పదిహేడు," అంది నీలమ్మ నేల చూస్తూ.

"నాకు కట్టి పదహారు." మహిధర్ నవ్వాడు. వినేవాళ్లకు నవ్వు కాదది. "నేను మూడో తరగతి. నా పక్కకు కూసున్నవు బాపూ. నా చెయ్యి పట్టుకున్నవు. 'పానం పోయినా దీన్ని ఇడువొద్దు కొడుకా' అన్నవు. నేను భయపడి తానం చేసేటప్పుడు సుత పట్టుకొని చేస్తుంటి. ఆనాడు నీ మెడల ఏమున్నది?"

"ఏమున్నదా? ఇజ్జత్ ఉన్నదిరా! ఇజ్జత్ ఉన్నది!" రేవణసిద్ధప్ప గొంతు పగిలింది. బయటికి వినపడుతుందని నీలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టబోతే విదిలించాడు. "నేనన్న లొల్లి పెట్టిన్నా? బజార్ల నిలవడి నాకు మనసు లేదు మనసు లేదని డప్పు కొట్టిన్నా? నా వల్ల ఈ ఇంట్ల ఒక్క పూట పొయ్యి ఆరిందా? నలుగురితోని నడిచిన. మీ తాతను మట్టిల కూసోబెట్టిన్నాడు ఏ ఒక్కటి తక్కువ చెయ్యలె. లోపట ఉన్నదా, లేదా ఎవ్వనికి కావాలెరా? ఇల్లు నడువాలె! నడిపిచ్చిన! నువ్వేం నడిపిచ్చినవ్? ఒక్క నిజం చెప్పి ముసల్దాన్ని మంచంల పండవెట్టినవ్!"

"అవును, పండవెట్టిన. గని నా పక్కకు కూసొని ఆ మాట ఎందుకన్నవు? తెల్వకుంటే తెల్వదనకపోతివా?"

"పోరనికి తెల్వదని చెప్తరా ఎవ్వరన్న?"

రేవణసిద్ధప్పకు ఇంకా చెప్పాలని ఉంది. నీకు చెప్తే నాకు నేనే చెప్పుకున్నట్టయితదిరా అని ఉంది. అది నోటిదాకా రాలేదు. కోపమే వచ్చింది. కోపమైతే ఎప్పుడు పిలిచినా వస్తుంది.

"అమ్మా!" దీక్షిత కేక. "జల్ది రా! నాయినమ్మ చేతులు సల్లగైనయి. యాభై ఎనిమిది చూపిస్తున్నది!"

మహిధర్ తండ్రి వంక ఒక్కసారి చూసి, తల్లి ముందు మెడ వంచాడు.

"కట్టు. ఈయన కోసం కాదు."

శివమ్మ గది చిన్నది. ఒక మంచం, ఒక ఫ్యాను, కిటికీ అవతల గేటు. ఫ్యాను గాలికి ఆమె తెల్లవెంట్రుకలు ముఖం మీద పడుతున్నాయి. తీసుకునే ఓపిక లేదు. దీక్షిత తీస్తోంది.

"అత్తమ్మా, దొరికింది," అంది నీలమ్మ. వణుకు దాచడానికి గట్టిగా అంది. "వెండిది పోయింది గని లోపలిది దొరికింది. చూడు, కట్టుకున్నడు. ఇగ ఇంత అంబలి తాగు."

మహిధర్ మంచం పక్కన వంగాడు. ముసలి చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి అతని మెడకు తగిలింది. దారం వెంట కిందికి దిగింది. ముడి విప్పింది. ఆ వణికే వేళ్లకు ముడి విప్పడం ఎంత సేపు పట్టిందంటే, రేవణసిద్ధప్ప ఊపిరి బిగబట్టి మళ్లీ వదిలి మళ్లీ బిగబట్టాడు. ఎడమ అరచేతిలో పెట్టుకొని బొటనవేలితో నిమిరింది. ఒక పక్క నిమిరింది. తిప్పి రెండో పక్క నిమిరింది. వేలు అక్కడ ఆగింది.

"ఇన్ని దినాలు ఏడుండె?"

మహిధర్ తల్లి వంక చూశాడు.

"చెప్పురా!" అన్నాడు వెనక నుంచి తండ్రి.

"వాన్ని చెప్పుమనకు," అంది శివమ్మ. "వానితోని కాదు. నువ్వు చెప్పు రేవణా."

ఆమె బొటనవేలు మళ్లీ ఆ పక్కకే పోయింది.

"బాయికాడ బండ మీద పడ్డది. నువ్వు తొమ్మిదేండ్ల పోరనివి. పెచ్చు లేసిపోతె మీ బాపుకు తెల్వకుండ సాముల కాడికి ఉరికి, కాళ్లు మొక్కి పూత పెట్టిచ్చిన. పూత పెట్టినకాడ ఈ బొడిపె. నా కండ్లు పోయినయి గని ఏళ్లు పోలేదు బిడ్డా. ఇది నీది."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండు, తానూ అరవవచ్చు. ఆమె అరవలేదు.

"ఎన్నటి సంది?"

"చాన్నాళ్లాయె అవ్వా."

"మీ బాపును మట్టిల కూసోబెట్టిన్నాడు నీ మెడల ఉండెనా?"

"...లేకుండె."

శివమ్మ కళ్లు మూసుకుంది.

"నా మొగుడు పోయి తొమ్మిదేండ్లు. ఆయన పూజ చేసొచ్చినంకనే తింటుంటి. ఆయన పోయినంక, నువ్వు పూజగదిలకెళ్లి బయటికొచ్చినంకనే తింటున్న. దినాం. జరమొచ్చిన్నాడు సుత కూసొని నీ తలుపు దిక్కు చూసిన. తొమ్మిదేండ్లు నేను ఏం తిన్న రేవణా?"

రేవణసిద్ధప్పకు తల్లి మీద కోపం, కొడుకు మీద కోపం, తాళంచెవి అడిగిన పెళ్లాం మీద కోపం, ఆమె అరచేతిలో నల్లగా కూర్చున్న రేగుపండంత దాని మీద కోపం. అందరూ కలిసి తనను ఈ గదిలోకి తోలి గొళ్లెం పెట్టినట్టు.

"మహీ. అంబలి తే," అంది శివమ్మ.

నీలమ్మ పరుగెత్తి గిన్నె తెచ్చింది. ముసలమ్మ కోడలి చెయ్యి పక్కకు జరిపింది.

"వాడు పెట్టనీ."

"నాయినమ్మా, నేను కట్టుకోను. ఇప్పుడు సుత నీకు చెప్తున్న," అన్నాడు మహిధర్.

"తెల్సు. నా మొఖం మీదనే అన్నవు. నీ మీద నాకు కోపం పోలె. సచ్చేదాక పోదు. గని ఎవని మీద కోపం రావాల్నో నాకు తెల్సు కద నీ తోని. వీని తోని అదీ తెల్వకపాయె." లింగాన్ని కొడుకు వైపు చాపింది. "పట్టు. కట్టుకుంటే మనసుపెట్టి కట్టుకో. లేకుంటే కట్టుకోనని నీ కమిటోళ్లకు చెప్పు. రెండిట్ల ఏది చేసినా నాకు సమ్మతే. నడిమిట్ల ఉండకు. నడిమిట్ల ఉన్నోని ఇంట్ల నేను తిన."

రేవణసిద్ధప్ప దాన్ని తీసుకున్నాడు. పదిహేడేళ్ల తర్వాత అరచేతికి తగిలింది. బరువు లేదు. వేడి ఉంది, తల్లి చేతి వేడి.

మహిధర్ చెంచాతో అంబలి అందించాడు. శివమ్మ నోరు తెరిచింది. మింగింది. గొంతు కదలడం నలుగురూ చూశారు. నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గేటు ముందర రెండు బండ్లు ఆగాయి.

"రేవణన్నా! అధ్యక్షా! ఉన్నవా?"

కమిటీ సెక్రటరీ ప్రేమ్ కుమార్ గొంతు. రేవణసిద్ధప్ప పిడికిలి బిగించి బయటికి నడిచాడు. గేటుకు ఇవతల ప్రేమ్ కుమార్, ఇంకో ఇద్దరు. చెప్పులు విప్పుతున్నారు.

"విప్పకున్రి, అవ్వ పండుకున్నది. ఏంది సంగతి?"

"ఏంలేదన్నా." ప్రేమ్ కుమార్ మెడ రుద్దుకున్నాడు. "గా... మహిధర్ లింగం తీసి పారేసిండట, అవ్వ అన్నం ముడ్తలేదట, బజార్ల అనుకుంటున్రు. నేను నమ్మలె. గని ఎల్లుండి ఊరేగింపుల పల్లకి ముంగట నువ్వుంటవాయె. ఇంట్ల గిట్ల వెట్టుకొని పల్లకి ఎట్ల పడ్తడని ఒకలిద్దరు..."

"ఎవడన్నడు?"

"పేర్లెందుకన్నా. నువ్వు ఒక్క మాట చెప్తే అయిపాయె."

ఒక్క మాట. పిడికిలిలో లింగం చెమటకు జారుతోంది. చెప్పాల్సిన మాట నాలుక మీదికొచ్చి నిలబడింది. ప్రేమ్ కుమార్ వెనక ఉన్న ఇద్దరిలో ఒకడు కిటికీ వైపు మెడ చాపి చూస్తున్నాడు. ఆ చూపు చూసేసరికి రేవణసిద్ధప్పకు ఒళ్లు మండింది.

"దొరికింది!" అన్నాడు. "లాకర్లనే దొరికింది. ఇగో, ఇప్పుడే కట్టిచ్చి వస్తున్న. అవ్వ అంబలి తాగుతున్నది. పోరగాడు, తెల్వక ఒక మాటన్నడు, చెంప మీద రెండు పీకిన. దినాం పూజ చేసుకునేటోన్ని, నా ఇంట్ల గట్ల జరగనిస్తనా? అన్నోన్ని నా ముంగటికి తోలుకరా!"

"గదే చెప్పిన అన్నా నేను! చెప్పలేదారా నేను?" ప్రేమ్ కుమార్ ముఖం వికసించింది. "ఇగ ఫికర్ లేదు. శుక్రవారం ఆరింటికి తయారుండు."

ముగ్గురూ గేటు దాటారు. రేవణసిద్ధప్ప వెనక్కి తిరిగాడు.

కిటికీ రెక్క తీసే ఉంది. తీసే ఉందని అతనికి ముందే తెలుసు.

లోపల మహిధర్ రెండో చెంచా పట్టుకొని ఉన్నాడు. చెంచా శివమ్మ పెదవులకు ఆనింది. పెదవులు విడలేదు. "నాయినమ్మా, ఇంకొక్కటి," అంటున్నాడు. ఆమె ముఖం మెల్లగా గోడ వైపు తిరిగింది. అంబలి గడ్డం మీదుగా కారి దిండు మీద పడింది.

దీక్షిత మీటరు చేత్తో పట్టుకొని కిటికీలోంచి తండ్రినే చూస్తోంది. అంకె చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని చూపుతోనే చెప్తోంది.

"నీ నోరు పడిపోను," అంది నీలమ్మ గుమ్మంలో నుంచి. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె మొగుణ్ని తిట్టిన మొదటి తిట్టు అది. "ఎవల కోసమయ్యా? ఎవల కోసం?"

వీధిలో ఒక బండి స్టార్టయి పోయింది. రెండోది ప్రేమ్ కుమార్‌ది. కిక్కు కొట్టాడు, అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. అందుకుంది. గేరు పడ్డ చప్పుడు.

"ఆగు!"

ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో రేవణసిద్ధప్పకే తెలియలేదు. చెప్పుల్లేని కాళ్లతో కాలే బండల మీద గేటు దాకా ఉరికాడు. పిడికిలి ఇంకా విప్పలేదు.

ప్రేమ్ కుమార్ బ్రేకు వేసి, ఒక కాలు కింద ఆనించి వెనక్కి తిరిగాడు.

"ఏందన్నా?"

రేవణసిద్ధప్ప ఇంకో చేత్తో మెడలోని ఉత్త లింగకాయ మూత తీశాడు.